వాడిపోని వంగతోట

హనుమక్క ఏడ్చిన ఏడ్పుకు చిన్నదొడ్డిలో వట్టిపోయిన బోరు పొంగింది. ముందే చెబుతున్నాను, ఇందులో అక్షరం అబద్ధం లేదు. గొట్టం మూతి దగ్గర నీళ్లు బుడబుడలాడాయి. నాలుకకు రాసుకుంటే ఉప్పగా ఉన్నాయి. ఆ ఉప్పు నీళ్లకే తోటకూర మోకాలెత్తు లేచింది. నమ్మని వాళ్లు కథంతా అయ్యాక నన్ను తిట్టుకోవచ్చు. ఇప్పుడు మాత్రం కుదురుగా కూర్చోండి.

చిన్నదొడ్డి పటంలో దొరికే ఊరు కాదు. భూమిలో నీళ్లు అడుగంటి, అనంతపురం వైపు పల్లెలు ఒకదాని వెనక ఒకటి తలుపులకు తాళాలు వేసుకుంటున్న కాలంలో, కదలడానికి ఇష్టం లేని పది కుటుంబాలు ఒక గుట్ట పక్కన కలిసి కట్టుకున్న దొడ్డి అది. మట్టి గోడలు, బోదగడ్డి కప్పులు. వాన చుక్క గుట్ట దిగి పారిపోకుండా వాలుకు అడ్డంగా కందకాలు. అంట్లు తోమిన నీళ్లు అరటికి, స్నానం చేసిన నీళ్లు బొప్పాయికి. కొర్రలో కంది, కందిలో అలసంద, గట్టు మీద ఆముదం. ఒకరింటి చెత్త ఇంకొకరి మడికి ఎరువు. వినడానికి బాగుంటుంది. మొదట్లో మాత్రం అక్కడ విరగపండింది జగడమొక్కటే.

"ఈ పొద్దు నీళ్ల వంతు నాది," అనేవాడు ఎర్రిస్వామి.

"నీ వంతు నిన్ననే తాగేసినావు గదప్పా! కడుపా అది, కాలవా?" అనేవాడు ఫకీరప్ప.

అప్పుడు ఎర్రిస్వామి పెండ్లాం మంగమ్మ గడప దాటి వచ్చేది. ఆమె తిట్టడం మొదలుపెడితే గుట్ట మీది నెమళ్లు మేత మానేసి వినేవి. ఫకీరప్ప ఏడు తరాల వెనకటి తాత మీసాల దగ్గర మొదలుపెట్టి, ఇంకా పుట్టని మనవడి నడక దాకా ఒక్క ఊపిరిలో దులిపేసేది. టౌనులో ఉండగా జ్వరంతో కూతురు పోయింది మంగమ్మకు. అప్పటి నుంచి రాత్రిళ్లు నిద్ర లేదు. ఆ నిద్ర లేని కసి అంతా పగలు ఎవరో ఒకరి మీద పడేది.

హనుమక్క ఆ పదిళ్లలో పెద్ద చదువు చదివిన మనిషి. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. చదివే పిల్లలు వలసపోయి కాలేజీ మూతపడితే, పాత సూక్ష్మదర్శిని ఒకటి చీరల మధ్య చుట్టుకుని మొగుడు లింగప్ప వెంట వచ్చేసింది. లింగప్ప గుంత తవ్వడంలోనూ, మనిషిని నవ్వించడంలోనూ మొనగాడు. రెండు పనులూ ఒకేసారి చేసేవాడు.

నేలకు ప్రాణం పోయాలంటే జీవామృతం కలపాలి. ఆవు పేడ ఉంది, పంచితం ఉంది, బెల్లం, శనగపిండి ఉన్నాయి. చివర్లో వేయాల్సిన పిడికెడు మందు తగలని గట్టు మన్ను మాత్రం దొరకలేదు. మూడు తరాలుగా చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసి, మందు కొట్టీ కొట్టీ, గట్లు కూడా చచ్చిపోయాయి. హనుమక్క ఏ గట్టు మన్ను తెచ్చి సూక్ష్మదర్శిని అద్దం కింద పెట్టినా ఇటుక పొడిలాగా కనబడేది.

"మందు కొట్టని మన్ను ఒక్క చోటే ఉండాది," అన్నాడు లింగప్ప.

"యాడ?"

"వల్లకాట్లో. సచ్చినోళ్లకు ఎవురూ మందు కొట్టలేదు గదా!"

అందరూ నవ్వారు. నవ్వినంత సేపు నవ్వి, మరుసటి పొద్దున్నే గంప తీసుకుని పోయింది హనుమక్క. మండుటెండల్లో కూడా వల్లకాటి జిల్లేళ్లు ఆకు వాల్చకుండా నిలబడి ఉండటం ఆమె గమనించింది. వాటి వేళ్ల మొదటి నుంచి ఒక్క పిడికెడు తెచ్చింది. అద్దం కింద తెల్లటి దారాలు కనిపించాయి, పత్తి ఏకినట్లు. రాగి గంజి కుండలో వేసి మూత పెడితే తెల్లారేసరికి కుండంతా పెరుగులా తోడుకుంది. అందుకే దానికి తోడు అనే పేరు పడింది. పెరుగు తోడు ఇల్లిల్లూ తిరిగినట్లే ఇదీ తిరిగింది. పక్కింటి మడి నుంచి ఒక గడ్డ తెచ్చుకుని తన మడిలో పాతుకోవడం, అందులోంచి ఇంకో ఇంటికి ఇవ్వడం. దీపం పెట్టాక మాత్రం ఇవ్వరు. పెరుగుకున్న పట్టింపే దీనికీ వచ్చింది.

అరుగు మీద రెండు వంగ మొక్కలు పెట్టింది హనుమక్క. ఒకదానికి తోడు వేసింది, ఇంకోదానికి వేయలేదు. రెండింటికీ నీళ్లు ఆపేసింది. వేయనిది మరునాటి మధ్యాహ్నానికే తల వాల్చింది. వేసింది కొత్త అల్లుడిలా నిటారుగా నిలబడే ఉంది.

"దీనికి దప్పి లేదా?" అన్నాడు లింగప్ప.

"ఉండాది. మొక్కకు దప్పయితే వేరు ఆకుకు కబురు పంపిస్తాది. ఆ కబురు అందితేనే ఆకు వాడేది. ఈ దారం ఆ కబురును దోవలోనే తినేస్తాంది."

"అంటే దప్పి ఉండాది, దానికి తెలీదు. అంతే కదా?"

"అంతే."

"అట్లాంటిది నాకూ రోంత వెయ్యరాదా? నీ వంట తిని సుఖంగా బతుకుతా."

వేయమన్నాడని ఎవరూ వేయలేదు. ఆ వంకాయలు తిన్నారు, ఆ గోగాకు తిన్నారు. అంతే.

వంగతోట వాడలేదు. మంచు తేమతో, కందకాల చెమ్మతో ఎండాకాలాలు నెట్టుకొచ్చింది. దొడ్డిలో జగడాలు ఎప్పుడు ఆగాయో ఎవరూ గమనించలేదు. వంతు తప్పితే ఎర్రిస్వామి "పోన్లే" అనేవాడు. ఫకీరప్ప కూడా "పోన్లే" అనేవాడు. ఇద్దరి పోన్లేల మధ్య బిందె అట్లా నేల మీదే ఉండిపోయేది. మంగమ్మ తిట్లు మరిచిపోయింది. ఒకసారి మేక వచ్చి కూరాకు మేస్తుంటే నడుము మీద చెయ్యి పెట్టుకుని నోరు తెరిచింది. ఏ మాటా రాలేదు. మేక కూడా కాసేపు ఆగి చూసి, మళ్లీ మేసింది. కానీ మంగమ్మ రాత్రిళ్లు నిద్రపోయేది. కూతురు పేరు వినబడినా కన్ను చెమర్చేది కాదు. ఫకీరప్ప అరికాల్లో దిగిన తుమ్మముల్లు చీము పట్టాక ఎవరో చూసి చెప్పారు. పొయ్యి దగ్గర ఆడవాళ్ల వేళ్ల మీద కాలిన మచ్చలుండేవి. ఎప్పుడు కాలాయో వాళ్లకు గుర్తుండేది కాదు.

టౌన్ల నుంచి జనం బస్సులు కట్టించుకుని చూడటానికి వచ్చేవారు. "ఇంత కలిసిమెలిసి ఎట్లా ఉంటున్నారండీ?" అని అడిగేవారు. పదిళ్ల వాళ్లూ ఒకే రకంగా నవ్వేవారు.

ఒక పొద్దు లింగప్ప తన మడికీ పక్క మళ్లకూ మధ్య లోతుగా కందకం తవ్వుతున్నాడు. హనుమక్క గట్టు మీద కూర్చుని అలసందలు వలుస్తోంది. పార ఆపి రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎవురో బండ పెట్టినట్లుండాది ఇక్కడ."

"నొస్తాందా?"

"నొప్పి లేదు. బరువుగా ఉండాది, అంతే."

"రోంచేపు కూచోరాదా?"

"ఇంకో నాలుగు పారలు. అయిపోతాది."

చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. హనుమక్క చూసింది. అది మంచి రంగు కాదని ఆమెకు తెలుసు. ఆటో పిలవాలని కూడా అనుకుంది. చేతిలోని కాయ వలిచాక పిలుద్దామనుకుంది. అది వలిచాక ఇంకోటి తీసుకుంది. లింగప్ప కందకం పూర్తి చేసి, పారను కడిగి, గోడకు ఆనించి, దాని పక్కనే కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

పదిళ్ల వాళ్లూ వచ్చి రేషను అంగడి ముందు నిలబడినట్లు నిలబడ్డారు. పాడె కట్టేది ఎవరు, పచ్చి వెదుర్లు ఎక్కడివి అని నిదానంగా మాట్లాడుకున్నారు. హనుమక్క లింగప్ప గడ్డానికి అంటిన మట్టి తుడిచింది. తుడిచాక ఇంకేం చేయాలో తోచలేదు.

హనుమక్క ఏడుపుకు బోరు పొంగిందని అన్నానే, ఎప్పుడు పొంగిందంటారా? పొంగలేదు నాయనా. ఆ బోరులో బల్లులు గుడ్లు పెట్టుకున్నాయి. అక్షరం అబద్ధం లేదన్నది కూడా అబద్ధమే. హనుమక్క ఒక్క చుక్క రాల్చలేదు. ఏడవలేదని మొదలుపెడితే మీరు కూర్చుంటారా?

ఏడ్చింది ఒక్కరే. లింగప్ప తల్లి మారెక్క. తన ఊరి నుంచి ఆటోలో వచ్చింది. దొడ్డి కనబడగానే దిగి, జుట్టు విప్పుకుని, రాగం తీస్తూ నడిచింది. "నూతిలో పడితే గిలక తాడు పట్టుకోని నవ్వుతా పైకొచ్చినావు గదరా నా కొడుకా! ఈ గుంతలో ఏముండాదని కూచున్నావురా నా లింగప్పా!" అని కొడుకు చేసినవన్నీ పేరుపేరునా పిలుస్తూ ఏడ్చింది. ఆ పక్క అదే ఆచారం. ఒకరు రాగం ఎత్తితే చుట్టూ ఉన్న ఆడవాళ్లు అందుకోవాలి. ఎవరూ అందుకోలేదు. మారెక్క గొంతు ఒంటరిగా పైకి పోయి, ఎక్కడా ఆనుకోలేక ఆగిపోయింది. తలెత్తి చుట్టూ చూసింది.

"ఏమ్మే, మీ కండ్లు ఎవురన్నా పీక్కోని పోయినారా?"

మంగమ్మ మర్యాదగా చెంబుతో నీళ్లిచ్చింది.

మారెక్క తిరిగి పోలేదు. కొడుకు తవ్విన కందకం పక్కనే ఉంటానంది. కోడలి చేతి కూడు ముట్టలేదు. మూట కట్టుకొచ్చిన బొరుగులు, పప్పులపొడి తినేది. పొద్దున్నే కందకం గట్టున కూర్చుని రాగం తీసేది. ఇంట్లో పొయ్యి రాజేస్తూ హనుమక్క వినేది. ఆ గొంతు తనకు రావలసిన సొమ్ము ఎవరో తెచ్చి గడప అవతలే పెట్టిపోయినట్లు ఉండేది. చెయ్యి చాస్తే అందేది కాదు.

మూట అయిపోయింది. ముసలామె ఎంతసేపని పస్తుంటుంది? సద్దరొట్టె తింది, గోగాకు పప్పు తింది. పొద్దుటి ఏడుపు కొంచెం పొట్టిదయింది. తర్వాత రాగం పోయి మాటలు మిగిలాయి. తర్వాత మాటలు కూడా పోయి ఊరికే కూర్చోవడం మిగిలింది. ఒక పొద్దు గట్టు దాకా పోనేలేదు. పీట వేసుకుని కూర్చుని రొట్టె నమిలింది.

"గోగాకు బలే కుదిరింది ఈ పొద్దు," అంది.

హనుమక్క చెయ్యి పెనం మీద ఆగిపోయింది.

"అత్తా, నీ కొడుకు నూతిలో పడిన సంగతి ఇంకోసారి చెప్పు."

"పడినాడు. తాడు పట్టుకోని పైకొచ్చినాడు." మారెక్క నీళ్లు తాగింది. "మంచోడే. ఇంకో రొట్టె ఉండాదా?"

హనుమక్క బయటికి వచ్చింది. భయం రాలేదు. కోపం రాలేదు. మనసులో చదువు చెప్పే గొంతు మాత్రం తరగతిలో మాట్లాడినట్లే ఒక మాట తర్వాత ఒక మాట చెప్పింది. అరుగు చివర పాత వంగ మొక్క ఉంది. లింగప్ప పోయినప్పటి నుంచి దానికి ఎవరూ చుక్క పోయలేదు. పచ్చగా ఉంది. కొమ్మను వేలితో తాకింది. పుటుక్కున విరిగింది. లోపల పొడి రాలింది. అది ఎప్పుడో చచ్చిపోయింది. దానికి ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం పదిళ్ల వాళ్లనూ చింత కింద కూర్చోబెట్టింది.

"తోడు చెడిపోయింది," అంది. "ఆకుకు పోయే కబురు తిన్నట్లే మన కబురూ తింటాంది. పెరుగు తీగలు సాగితే ఏం చేస్తాం? పారబోసి, కుండ కాల్చి, వేరే ఇంటి తోడు తెచ్చుకుంటాం. మడ్లు తిరగేసి సున్నం కలిపి ఎండకు వేద్దాం. మళ్లీ పంట వచ్చేదాకా రేషను బియ్యం తిందాం."

"వానల్లేవు గదమ్మా," అన్నాడు ఫకీరప్ప. కోపంగా కాదు, టైమెంతయిందో చెప్పినట్లు. "తోడు తీసేస్తే చెట్లు వాడిపోతాయి."

"వాడనీ. వాడితే నీళ్లు పోస్తాం."

"ఉండే నీళ్లు అందరికీ చాలవు."

"అప్పుడు కొట్లాడుకుందాం."

ఎర్రిస్వామి నవ్వాడు. ఫకీరప్పా నవ్వాడు. కొట్లాడటం ఎట్లా ఉండేదో ఇద్దరికీ లీలగా గుర్తున్నట్లుంది.

"లింగప్ప రొమ్ము పట్టుకుంటే నేను ఎదురుగా కూచోని కాయలు వలిచినా," అంది హనుమక్క. "మీకెవురికైనా అట్లాంటిది రేపు జరిగితే మేమందరం ఇట్లనే చూస్తా నిలబడతాం."

చివరికి మంగమ్మ లేచింది.

"నా మడి జోలికి రావద్దు హనుమక్కా. నేను నిద్ర పోతాండా. నీ మొగుడు పోయినాడని నా బిడ్డను నాకు మళ్లా సంపి సూపిస్తావా?"

తోడు ఇవ్వాలా వద్దా అన్నది ఎవరింటి ఆడమనిషి ఇష్టం ఆమెది. తీసేయడం కూడా అంతే. "నీ మడి నీది మంగమ్మా," అంది హనుమక్క.

తన మడి ఒక్కటే తిరగేసింది. పక్క మళ్ల వేళ్లు దాటి రాకుండా మధ్యలో లింగప్ప తవ్విన కందకం అడ్డుంది. నడుము లోతు. ఆ నాలుగు పారలు కూడా తవ్వి పోయాడు కాబట్టి ఎక్కడా సందు లేదు. మన్నులో సున్నం కలిపి, ఎర్రటి ఎండకు ఆరేసి, మళ్లీ తిరగేసింది. మారెక్క ఊరి పెంట దిబ్బ అడుగు నుంచి గంపెడు మన్ను తెప్పించి కలిపింది. అద్దం కింద పెడితే అందులో నానారకాల పురుగు పుట్రా ఒకదాన్నొకటి తరుముకుంటూ కనబడ్డాయి. అత్తాకోడళ్లు రేషను బియ్యం, అంగడి కందిపప్పు తిన్నారు. కొత్త నారు పోసుకున్నారు.

ఒక మధ్యాహ్నం కొత్త వంగ మొక్కలు వాడాయి. ఆకులన్నీ ఒకేసారి చేతులు జారవిడిచినట్లు కిందికి వేలాడాయి. మారెక్క అరుగు మీద నుంచి చూసింది.

"నీళ్లు పొయ్యే! వాడిపోతాండాయి, నీళ్లు పొయ్యే!" అని తనే బిందె ఎత్తుకుని పరుగెత్తింది. సగం దూరం పోయి బిందె పడేసి, ఆ తడిలోనే కూలబడింది. "నా కొడుకా!" అంది. ఆగిపోయిన చోటి నుంచే రాగం మొదలైంది. నూతి, గిలక, తాడు, అన్నీ వచ్చాయి. ఏడ్చి ఏడ్చి, లేచి వచ్చి, కోడలి ఎదుట నిలబడింది.

"చింత కింద చెప్పిన మాట నేనూ విన్నా. ఆ పొద్దు చెవికి ఎక్కలేదు, ఇప్పుడు ఎక్కింది. వాని పెదాలు నల్లబడుతుంటే చూస్తా కూచున్నావా?"

"కూచున్నా అత్తా."

మారెక్క చెయ్యెత్తి కొట్టింది. ముసలిచెయ్యి అయినా గట్టిగానే పడింది. హనుమక్కకు చెంప మీద ఎండ తగిలినట్లు అనిపించింది, అంతే. ఇంకోటి కొడుతుందేమోనని అట్లాగే నిలబడింది. కొడితే బాగుండుననుకుంది. మారెక్క కొట్టలేదు. ఆ పొద్దు నుంచి ఆమెతో మాట్లాడటం మానేసింది.

తోడు తీసేసిన మన్ను చూడటానికి ఎర్రిస్వామి ఒకసారి కందకం దాటి వచ్చాడు. ఫకీరప్ప ఇంకోసారి వచ్చి, గంప ఇచ్చి, దిబ్బ మన్ను అడిగి తీసుకుపోయాడు. మంగమ్మ రాలేదు. ఆమె నిద్రను హనుమక్క తప్పుపట్టలేదు. ఎదురుపడితే ఇద్దరూ కూరాకు సంగతి మాట్లాడుకునేవారు.

మారెక్క ముసలి దేహానికి కొన్నాళ్లలో ఎక్కింది కొన్నాళ్లలో దిగిందనుకోండి. ఏళ్ల తరబడి తిన్న దేహానికి అంత తొందరగా దిగదు. హనుమక్క పొద్దున్నే లేచి, లింగప్ప పారను ముట్టుకుని, ఏమైనా అవుతుందేమోనని కాసేపు నిలబడేది. ఏమీ అయ్యేది కాదు. పోయి పొయ్యి రాజేసేది.

ఒక పొద్దు సంగటి కుండ దించబోతూ గుడ్డ తీసుకోలేదు. మరిచిపోవడం కాదు, ఎన్నాళ్లుగానో ఆమెకు గుడ్డతో పని పడలేదు.

"అబ్బా!" అంది.

గడప దగ్గర బియ్యం చెరుగుతున్న మారెక్క చేట ఆపింది. చాలా రోజుల తర్వాత కోడలి వైపు తిరిగి నోరు తెరిచింది.

"ఏమన్నావే?"

"కాలింది."

"యాడ? ఇట్ల సూపీ. ఇంకోసారి అను."

"కాలింది అత్తా. మంటగా ఉండాది."

మారెక్క లేచి వచ్చి, ఆ చెయ్యి లాక్కుని, నీళ్ల చెంబులో ముంచి పట్టుకుంది. హనుమక్క ఆ చెంబు మీద వంగి ఏడ్చింది. కందకం గట్టు మీద పడి పొద్దుగుంకే దాకా ఏడ్చింది. లింగప్ప చెప్పిన పాత జోకులన్నీ రాగం కట్టి ఏడ్చింది. అత్త రాగం అందుకుంది. కందకం అవతల మంగమ్మ తలుపు మూసుకుంది.

బోరు సంగతి మధ్యలోనే ఒప్పుకున్నాను కదా, ఇది కూడా ఒప్పుకుంటే పని అయిపోతుంది. ఆ ఏడుపు నేను పెట్టిందే. పొద్దుగుంకే దాకా కాదు, క్షణం కూడా ఏడవలేదు హనుమక్క. అత్త పట్టుకుంటే చెంబులో చెయ్యి పెట్టుకుని కూర్చుంది, అంతే. ఆ ఏడుపు కోసం ఆమె ఇంకా కాచుకునే ఉంది.

"అబ్బా" అన్నది మాత్రం నిజం. చూపుడువేలి మీద బొబ్బ లేచింది. చిదిమేస్తావని అత్త అరుస్తున్నా వినకుండా, ఆమె దాన్ని మాటిమాటికీ బొటనవేలితో నొక్కి చూసుకునేది.